సూదీ మాటా: తల్లీబిడ్డల టీకాల చరిత్రలో ఆదివాసులం

నేను కొండరెడ్ల అమ్మాయిని. పుట్టింది రంపచోడవరం మన్యంలో, పంతులమ్మగా పనిచేస్తున్నది కోనసీమలో, రాజోలు వైపు. మా కొండల మధ్య నుంచి దిగిన గోదావరే ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలి ఈ కొబ్బరితోటల నేలను చుట్టింది. నా బడికి దగ్గర్లో కాలవ గట్టు మీద యానాదుల గుడిసెలున్నాయి. పెద్దవాళ్ళు చేపల చెరువుల దగ్గర కాపలా ఉంటారు, వల వేస్తారు. ఒక చెరువు పని అయిపోతే ఇంకో చెరువు గట్టుకు పోతారు. వాళ్ళతోపాటే పిల్లలూ పోతారు.

ఒకసారి ఐదో తరగతిలో ఆరోగ్యం పాఠం చెబుతూ, చిన్నప్పుడు బీసీజీ టీకా వేసిన మచ్చ ఎడమ భుజం మీద ఉందేమో చూసుకోమన్నాను. పిల్లలు ఒకరి చొక్కా ఒకరు తప్పించి నవ్వుకుంటూ చూసుకున్నారు. యానాదుల పిల్ల ఒకతె మాత్రం ముడుచుకుని కూర్చుంది. ఆమె భుజం మీద మచ్చ లేదు. టీకా వేసినా కొందరికి మచ్చ పడదని నాకు తెలుసు. అందుకే సాయంత్రం గుడిసెకు వెళ్ళి టీకాల కార్డు అడిగాను. కార్డు లేదు. ఎనిమిది నెలల తమ్ముడు తల్లి ఒళ్ళో ఉన్నాడు. వాడి కార్డూ లేదు, చెరువు మారినప్పుడు ఎక్కడో పోయిందట. పక్కనే కూర్చున్న వాళ్ళ నాయనమ్మ నా మాటలు విని తన చెయ్యి చాపింది. ముంజేతి మీద రూపాయి బిళ్ళంత మచ్చలు రెండు.

"సూదోళ్ళు ఒచ్చారంటే మా అమ్మ మమ్మల్ని తుప్పల్లో దాసేసేదండి. ఓపాలి దొరికిపోయేనండి. రెక్క ఇరిసి పట్టుకుని గుచ్చేరండి. ఎందుకో ఏటో ఎవులూ సెప్పలేదండి" అంది.

ముసలమ్మ పారిపోయినా ఆమెను వెతికి పట్టుకున్న టీకా, మనవరాలికీ మనవడికీ అందిందో లేదో చెప్పే కాగితం కూడా లేదు. ఈ రెండూ ఒకే ఇంట్లో ఎలా జరిగాయి? ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ రాసిందే ఈ వ్యాసం.

అమ్మవారు

మశూచి మన పెద్దవాళ్ళకు ఒక జబ్బు కాదు, అమ్మవారు. ఒంటి మీద లేచిన పొక్కులను ముత్యాలన్నారు. ముత్యాలమ్మ గుడి లేని ఊరు గోదావరికి ఇటూ అటూ అరుదు. తట్టును చిన్నమ్మవారన్నారు, నీళ్ళపొక్కులను ఆటలమ్మ అన్నారు. ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి, బయటివాళ్ళను రానివ్వక, రోగిని చల్లగా కదలకుండా ఉంచారు. ఇదంతా మూఢనమ్మకమని పుస్తకాల్లో ఒక్క ముక్కలో కొట్టిపారేస్తారు. అందులో తెలివి కూడా ఉంది. వేపమండ ఉన్న ఇంటికి ఎవరూ పోరు కాబట్టి జబ్బు అంతగా పాకదు. కానీ వైరస్ అప్పటికే ఒంట్లో దూరిన పసిబిడ్డను వేపమండ కాపాడలేదు. అమ్మ శాంతించలేదని తల్లి తనను తానే నిందించుకునేది. ఆ నింద మోసిన తల్లులు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు.

చేతి నుంచి చేతికి

1796లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ ఆవులకు వచ్చే పొక్కు రసాన్ని ఒక పిల్లవాడి చేతికి ఎక్కించి, అది మశూచిని ఆపుతుందని చూపించాడు. ఆ పిల్లవాడు అతని తోటమాలి కొడుకు. మన దేశంలో మొదట ఈ టీకా పడింది 1802 జూన్ 14న, బొంబాయిలో, అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ళ పిల్లకు. ఆమె ఒక పనిమనిషి కూతురు. ఆ పిల్ల చేతి పొక్కు నుంచి తీసిన రసమే ఇతర పట్టణాలకు పాకి, అదే ఏడాది మద్రాసు చేరింది.

అప్పట్లో మంచుపెట్టెలు లేవు. టీకా రసం బతికి ఉండాలంటే ఒక బిడ్డ చేతి నుంచి ఇంకో బిడ్డ చేతికి మార్చుకుంటూ పోవాల్సిందే. 1803లో స్పెయిన్ రాజు అమెరికా ఖండానికి టీకా పంపినప్పుడు ఓడలో 22 మంది అనాథ పిల్లలను ఎక్కించారు. దారి పొడుగునా ఇద్దరిద్దరికి వేసుకుంటూ సముద్రం దాటించారు. మన దేశంలోనూ ఆ రసం ఎక్కువగా తీసింది పేదల, కింది కులాలవాళ్ళ పిల్లల చేతుల నుంచే. పుండు నుంచి రసం తీస్తే బిడ్డకు నొప్పి. తల్లులు పిల్లలను దాచారంటే అందుకే. పై కులాలవాళ్ళేమో ఆ పిల్లల రసం మా ఒంట్లోకి వద్దన్నారు. మందు కావాలి, అది మోసిన బిడ్డ మాత్రం అంటు.

1884లో మద్రాసు రాష్ట్రంలో టీకా చట్టం వచ్చింది. మద్రాసు పక్కన గిండీలో 1905 నాటికి కింగ్ ఇన్‌స్టిట్యూట్ నడక మొదలుపెట్టి దూడల నుంచి టీకా రసం తయారుచేసింది. ఇక పిల్లల చేతులతో పని లేకపోయింది. ఆ రోజుల్లో మన గోదావరి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోదే. చట్టం వచ్చింది, రసం వచ్చింది, టీకాలవాడు వచ్చాడు. ఇది ఎందుకు, ఎలా పనిచేస్తుంది అని తల్లికి తెలిసిన మాటల్లో చెప్పే మనిషి మాత్రం రాలేదు. ముసలమ్మ తుప్పల్లో దాక్కుందంటే తప్పు ఆమెది ఎలా అవుతుంది?

1962లో భారత ప్రభుత్వం మశూచి నిర్మూలన కార్యక్రమం పెట్టింది. లక్షల మందికి సూదులు వేసినా జబ్బు పూర్తిగా పోలేదు. 1970ల్లో పద్ధతి మార్చారు. మశూచి బిడ్డ బొమ్మ ఉన్న కార్డు పట్టుకుని పనివాళ్ళు ఇంటింటికీ తిరిగి, "ఇలాంటి జబ్బు ఎక్కడైనా చూశారా?" అని అడిగారు. కబురు చెప్పినవాళ్ళకు బహుమతి ఇచ్చారు. జబ్బు ఉన్న ఇంటి చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వెంటనే టీకా వేశారు. 1975 మేలో దేశంలో చివరి మశూచి రోగి కనిపించారు. 1980 మేలో ప్రపంచమంతా మశూచి పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. బలవంతాలు జరిగిన మాట నిజమే. అయినా జబ్బును చివరికి పట్టుకోగలిగింది జనాన్ని అడిగి, వాళ్ళు చెప్పింది విన్న తర్వాతే.

తట్టు

మశూచి పోయినా చిన్నమ్మవారు పోలేదు. నాకు ఆరేళ్ళప్పుడు మా గూడెంలో తట్టు వచ్చింది. మా తమ్ముడికి ఏడాది నిండలేదు. ఒళ్ళంతా ఎర్రగా పేలింది, కళ్ళు పుసులు కట్టాయి, మూడో రోజుకు ఎగశ్వాస మొదలైంది. రోడ్డు దాకా మోసుకెళ్ళేసరికి అయిపోయింది. అమ్మవారు తీసుకుపోయిందని మా అమ్మ అంది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు జాతరకు పోలేదు.

టీచరు ట్రైనింగ్ చదివేటప్పుడు నాకు తెలిసింది, 1985లో మొదలైన సార్వత్రిక టీకాల కార్యక్రమంలో తట్టు టీకా ఉందని. ఆ పథకం జిల్లా జిల్లాకూ పాకడానికి కొన్నేళ్ళు పట్టింది. జిల్లాకు వచ్చినా మా గూడెం దాకా ఎక్కలేదు. టీకాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. మా దారిలో కరెంటు లేదు, బస్సు లేదు.

తట్టు చాలా వేగంగా అంటుకునే వైరస్. ముందు ఎన్నడూ ఈ జబ్బు సోకని జాతుల్లోకి వస్తే ఊళ్ళకు ఊళ్ళే పడిపోతాయి. 1875లో ఫిజీ దీవులకు ఓడ మీద తట్టు వచ్చింది. అక్కడి మూలవాసుల్లో నాలుగో వంతుకు పైగా చనిపోయారని చరిత్రకారులు లెక్కగట్టారు. ఆ జనం బలహీనులు కావడం వల్ల కాదు. ఒకే వారంలో ఇంటిల్లిపాదీ పడిపోతే నీళ్ళిచ్చేవాళ్ళు ఉండరు.

ఉపాధ్యాయులు తల్లులకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. తొలి నెలల్లో బిడ్డను తట్టు నుంచి కాపాడేది తల్లి రక్తం నుంచి కడుపులోనే అందిన రక్షణ. అది ఉన్నంతకాలం టీకా సరిగా పట్టదు. అది తగ్గిపోయే వేళకు, అంటే తొమ్మిది నెలలు నిండగానే, మొదటి టీకా వేస్తారు. రెండోది 16 నుంచి 24 నెలల మధ్య. మొదటి రక్షణ ఇచ్చేది అమ్మే, టీకా ఆ పనిని అందుకుంటుంది. ఇలా చెబితే ఏ తల్లికైనా అర్థమవుతుంది. మా అమ్మకు ఎవరూ చెప్పలేదు.

ఒక ఆదివాసీ రక్తం

కామెర్లకు పసరు కట్టడం మన ఇళ్ళలో తెలిసిందే. కామెర్లు చాలా రకాలు. వాటిలో హెపటైటిస్ బి వైరస్ వల్ల వచ్చేది తల్లీబిడ్డల విషయంలో ప్రమాదకరం. కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. పెద్దవాళ్ళకు సోకితే నూటికి తొంభై మందికి పైగా ఒంట్లోంచి వదిలిపోతుంది. పుట్టినప్పుడు సోకిన బిడ్డల్లో మాత్రం నూటికి తొంభై మందిలో జీవితాంతం నిలిచిపోతుంది. పైకి ఏమీ కనిపించదు. ముప్పై, నలభై ఏళ్ళకు కాలేయం పాడవుతుంది.

ఈ వైరస్ గుట్టు ఎలా బయటపడిందో మన పిల్లలకు చెప్పాలి. 1960ల్లో అమెరికా శాస్త్రవేత్త బరూక్ బ్లంబర్గ్ రకరకాల జాతుల రక్త నమూనాలు పరీక్షిస్తుండగా, ఒక ఆస్ట్రేలియా ఆదివాసీ రక్తంలో కొత్త పదార్థం కనిపించింది. దానికి ఆస్ట్రేలియా యాంటిజెన్ అని పేరు పెట్టారు. అది హెపటైటిస్ బి వైరస్ పైపొర అని తర్వాత తేలింది. టీకా తయారైంది దాని ఆధారంగానే. బ్లంబర్గ్‌కు 1976లో నోబెల్ బహుమతి వచ్చింది. రక్తమిచ్చిన ఆదివాసీ పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా కనిపించదు.

ఆ టీకా చాలాకాలం విదేశాల నుంచి వచ్చేది, పేదలు కొనలేని ధర. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్, నెల్లూరు జిల్లాకు చెందిన వరప్రసాద్ రెడ్డి స్థాపించిన సంస్థ, దేశంలోనే మొదటిసారిగా దీన్ని జన్యు పద్ధతిలో తయారుచేసి తక్కువ ధరకు అమ్మింది. పసిబిడ్డల విరేచనాలకు కారణమయ్యే రోటావైరస్‌కు కూడా హైదరాబాదులోనే భారత్ బయోటెక్ టీకా చేసింది. 2016లో దాన్ని మొదటగా ప్రభుత్వ కార్యక్రమంలో ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

టీకా హైదరాబాదులో తయారైంది, ఉచితంగా ఇస్తున్నారు. అయినా మన బిడ్డకు అందడంలో ఒక చిక్కుంది. హెపటైటిస్ బి మొదటి మోతాదు పుట్టిన 24 గంటల్లోపే పడాలి. డోలీలో మోసుకొస్తుండగా దారిలో పుట్టిన బిడ్డకు, చెరువు గట్టు మీద గుడిసెలో పుట్టిన బిడ్డకు ఆ 24 గంటలు ఎవరు లెక్కపెడతారు? ఈ టీకా అందలేదంటే లోపం తల్లి అజ్ఞానంలో కాదు, రోడ్డులో ఉంది.

ఖమ్మంలో జరిగింది

ఇక్కడ ఒక చేదు సంగతి చెప్పక తప్పదు. 2009 జూలైలో అప్పటి ఉమ్మడి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ బాలికలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీసే వైరస్‌ను ఆపే టీకా అది. పాత్ అనే అంతర్జాతీయ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన ప్రాజెక్టు. బాలికల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో చదివే ఆదివాసీ పిల్లలు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలోనూ ఇలాగే జరిగింది. కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలు వచ్చి, మహిళా సంఘాలు నిలదీశాక 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టును ఆపేశారు.

ఆ మరణాలకు టీకా కారణమని రుజువు కాలేదని విచారణ సంఘం చెప్పింది. కానీ సమ్మతి విషయంలో తప్పులు జరిగాయని బయటపడింది. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం తన 72వ నివేదికలో రాసిన లెక్క చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు ఉన్నాయి. అంటే వేల మంది పిల్లల విషయంలో కన్నతల్లిని అడగనే లేదు. వార్డెన్ కూడా మనలాంటి ఉద్యోగే. పైనుంచి కాగితం వచ్చింది, సంతకం పెట్టాడు. మనమైతే పెట్టమా? ఉపాధ్యాయులం గుండె మీద చెయ్యి వేసుకుని అడుక్కోవాల్సిన ప్రశ్న ఇది.

ఆ టీకా చెడ్డది కాదు. అదే హెచ్‌పీవీ టీకాను 2018లో సిక్కిం రాష్ట్రం బడుల ద్వారానే తన బాలికలకు వేసింది, దాదాపు అందరూ వేయించుకున్నారు. ఖమ్మంలో చెడింది మందు కాదు, నమ్మకం.

బడికి వచ్చిన సూది

2017 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల్లో తట్టు, రుబెల్లా రెండిటికీ కలిపి ఒకే టీకా, 9 నెలల నుంచి 15 ఏళ్ళ లోపు పిల్లలందరికీ వేయాలని ఉత్తర్వులొచ్చాయి. బడిలోనే వేస్తారు. కాగితం నా చేతికి వచ్చినప్పుడు మొదట అనుమానం వచ్చింది నాకే. కూనవరం వైపు మా చుట్టాల పిల్లలు ఆశ్రమ పాఠశాలల్లో చదివారు. ఖమ్మం సంగతి మా ఇళ్ళలో మాట్లాడుకున్నదే. అందుకని కాగితం మీద సంతకాలు తీసుకునే ముందు రుబెల్లా అంటే ఏమిటో నేను చదువుకున్నాను.

రుబెల్లా పిల్లలకు వస్తే మూడు రోజుల జ్వరం, కాస్త దద్దుర్లు, అంతే. గర్భిణికి తొలి నెలల్లో సోకితే కడుపులో బిడ్డను దెబ్బతీస్తుంది. దీన్ని మొదట పసిగట్టింది ఆస్ట్రేలియాలో కంటి డాక్టరు నార్మన్ గ్రెగ్, 1941లో. ఆయన దగ్గరకు పుట్టుకతోనే కళ్ళలో పొర ఉన్న బిడ్డలు వరసగా వచ్చారు. ఎందుకా అని తల్లులను అడిగితే, కడుపుతో ఉన్నప్పుడు మాకు రుబెల్లా వచ్చిందని వాళ్ళు చెప్పారు. ఆ తల్లుల మాట ఆయన విన్నాడు కాబట్టి ప్రపంచానికి తెలిసింది. గుడ్డితనం, చెవుడు, గుండె జబ్బు పూర్వజన్మ పాపం వల్ల కాదు, ఒక వైరస్ వల్ల కూడా రావచ్చని.

కాలవ గట్టుకు వెళ్ళి ఇదే చెప్పాను. ఒకామె, "మా పిల్లకి జొరం లేదు, దగ్గు లేదు. సూది ఎందుకండీ టీచరుగారూ? పిల్లలు పుట్టకుండా సేత్తారంట గదా?" అని అడిగింది. ఆ పుకారు ఫోన్లలో తిరుగుతోంది. నేను ఆమెను కసురుకోలేదు. నర్సమ్మను బతిమాలి సాయంత్రం గుడిసెల దగ్గరకే తీసుకొచ్చాను. నర్సమ్మ సీసా చూపించింది, ఇది పుట్టబోయే బిడ్డల కోసమే చెల్లెమ్మా అంది, తన సొంత పిల్లకు వేయించిన సంగతి చెప్పింది. జ్వరం వస్తే ఏం చెయ్యాలో, ఎవరికి ఫోన్ చెయ్యాలో చెప్పింది. గంటన్నర పట్టింది. ఇద్దరు తల్లులు వద్దన్నారు, వాళ్ళ పిల్లలను పక్కన ఉంచాం. ఆ ఇద్దరిలో ఒకామె నాలుగు రోజుల తర్వాత తనే పిల్లను వెంటబెట్టుకుని బడికి వచ్చింది.

మనం చేయాల్సింది

నా తోటి ఉపాధ్యాయులకూ, చదువుకున్న మన పిల్లలకూ చెప్పేది ఇదే. టీకా మనకు ఎవరో పెట్టిన భిక్ష కాదు. దాని చరిత్రలో పనిమనిషి కూతురి చెయ్యి ఉంది, ఆస్ట్రేలియా ఆదివాసీ రక్తం ఉంది, పేరు తెలియని ఎందరో బిడ్డల నొప్పి ఉంది. అది మన హక్కు. సూది వేసే ముందు అడిగించుకోవడమూ మన హక్కే. మొదటి హక్కు కోసం రెండోది వదలొద్దు. రెండోదాని మీద కోపంతో మొదటిది వదిలితే నష్టపోయేది పసిబిడ్డ.

చేతనైన పనులు కొన్నున్నాయి. గూడెంలో ఎవరు గర్భిణో, ఎప్పుడు కాన్పో ఆశా కార్యకర్తతో కలిసి రాసుకుందాం. కాన్పు ఆసుపత్రిలో జరిగేలా ముందే బండి చూసుకుందాం. తల్లీబిడ్డల కార్డును ఫోన్లో ఫోటో తీసి ఉంచుదాం, వలస పోయినా కాగితం పోదు. బుధ, శనివారాల్లో టీకాలు ఎక్కడ వేస్తారో బడి గోడ మీద రాద్దాం. మోతాదు తప్పిపోతే నర్సమ్మ తిడుతుందని తల్లులు రావడం మానేస్తారు. తప్పిన దగ్గర నుంచే అందుకోవచ్చు, మళ్ళీ మొదటి నుంచి అక్కర్లేదని చెబుదాం. కాగితం మీద సంతకం పెట్టించే ముందు దాన్ని చదివి వినిపిద్దాం. తల్లి వద్దంటే ఎందుకో విందాం.

కాలవ గట్టు మీద ఆ ఎనిమిది నెలల పిల్లవాడి సంగతి చెప్పి ముగిస్తాను. వాడు చెరువు గట్టు మీద పుట్టాడు. పుట్టిన రోజు పడాల్సిన హెపటైటిస్ బి మోతాదు పోయింది, దాన్ని ఇక ఎవరూ తిరిగి ఇవ్వలేరు. మిగతావి కొత్త కార్డు మీద మొదలుపెట్టారు. తొమ్మిదో నెల నిండాక తట్టు టీకా వేసిన బుధవారం నేనూ వెళ్ళాను. నర్సమ్మ తల్లికి అంతా చెప్పి, "వెయ్యమంటావా?" అని అడిగింది. తల్లి అత్తగారి వైపు చూసింది. ముంజేతి మీద రెండు మచ్చలున్న ఆ ముసలమ్మ మనవణ్ణి తన ఒళ్ళోకి తీసుకుంది.

"అడిగేరు గదా, ఎయ్యండి" అంది.